కర్త లేని తిట్టు

లైప్‌జిగ్ కార్మిక న్యాయస్థానంలో నేను అప్పుడప్పుడూ తెలుగు దుబాసీగా పనిచేస్తుంటాను. సినిమాల్లో చూపించే జ్యూరీ ఇక్కడ ఉండదు. గౌను వేసుకున్న జడ్జికి చెరో పక్కన ఒక మామూలు మనిషి కూర్చుంటారు. ఒకరు యజమానుల వైపు నుంచి వచ్చినవారు, ఇంకొకరు పనివాళ్ల వైపు నుంచి. చట్టం చదవని ఆ ఇద్దరి ఓట్లూ జడ్జి ఓటుతో సమానం.

ఒక రోజు వచ్చిన కేసులో దావా వేసినవాడు ఒక వంటమనిషి, జగిత్యాల దగ్గరివాడు. ప్రతివాది అతని హోటల్ యజమాని. అతనిదీ అదే జిల్లా. తందూరు దగ్గర వంటమనిషి చెయ్యి కాలింది. పనికి రాలేనంటే, గ్లౌజ్ వేసుకుని రమ్మన్నాడు యజమాని. దానికి జవాబుగా ఇతను ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. ఆ మెసేజే చంపుతానన్న బెదిరింపు అని చెప్పి, నోటీసు లేకుండా అతన్ని పనిలోంచి తీసేశారు. అతని వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

కోర్టులో మెసేజ్ వినిపించారు.

"చెయ్యి కాలిందంటే గ్లౌజ్ ఏస్కొని రమ్మంటవా? నీ పాడెగట్ట!"

మా వరంగల్ వైపు పాలు పొంగినా, పిల్లాడు బడికి ఆలస్యంగా లేచినా ఆ మాటే అంటారు. అందులో కర్త లేడు. పాడె ఎవరు కడతారో ఆ మాట చెప్పదు. జర్మన్‌లో మాత్రం కర్త లేకుండా వాక్యం నిలబడదు. నేను ఆలోచించి, "నీకు పాడె కట్టనీ" అనే అర్థం వచ్చేలా చెప్పాను. జడ్జి అడిగితే అది తిట్టు అని కూడా అన్నాను. పనివాళ్ల వైపు కూర్చున్నది ట్రామ్ నడిపే పెద్దావిడ. వాళ్ల అమ్మమ్మ తమను ఇంతకంటే ఘోరంగా తిట్టేదని ఆవిడ అంటే, రెండో వైపు బేకరీ యజమాని కూడా నవ్వాడు.

యజమాని మాత్రం నవ్వలేదు. ఆ మెసేజ్ విన్నాక తనకు నిద్ర పట్టలేదనీ, పిల్లల్ని కీటాకు, అంటే శిశువిహారానికి, పంపడానికి కూడా భయపడ్డాననీ చెప్పాడు. అతను జర్మన్‌లో చెప్పినదంతా నేను వంటమనిషికి తెలుగులో వినిపించాను. వినడం అయ్యాక అతను యజమాని ముఖంలోకి ఒకసారి చూసి, కట్టు విప్పిన చేతిని బల్ల కిందికి దించుకున్నాడు.

విరామంలో నేను కారిడార్‌లో నీళ్లు తాగుతుంటే, కిటికీ దగ్గర యజమాని ఫోన్‌లో ఎవరినో కసురుతున్నాడు. "ఇంకా షట్టర్ తియ్యలేదా? నీ పాడెగట్ట, జల్ది తియ్ రా."

లోపలికి వెళ్లగానే నేను అనుమతి అడిగి, విన్నది విన్నట్టు చెప్పాను. యజమాని లాయరు వెంటనే లేచాడు. దుబాసీ సాక్షిగా మారిందనీ, ఒక పక్షం వైపు మొగ్గుతోందనీ అభ్యంతరం పెట్టాడు. నియమం ప్రకారం అతను చెప్పింది సరైనదే. నన్ను తప్పించి కేసు వాయిదా వేశారు. నేను విన్నానన్నది నిజం కాదని యజమాని అన్నాడు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

కొత్త వాయిదా నాడు సెలవు పెట్టి వెళ్లి, వెనక బెంచీ మీద కూర్చున్నాను. ట్రామ్ నడిపే ఆవిడ లేదు. బేకరీ ఆయనా లేడు. ఇక్కడ జడ్జి పక్కన కూర్చునేవాళ్లు వంతుల వారీగా వస్తారు. ఏ రోజు ఎవరి వంతైతే వాళ్లే. కొత్తగా వచ్చిన ఇద్దరూ వంటమనిషిని మొదటిసారి చూస్తున్నారు. దుబాసీ వేరే ఊరి నుంచి వీడియోలో కనిపించాడు. మాట తెగుతూ వస్తోంది. మెసేజ్ రెండుసార్లు విని ఆయన శ్రద్ధగా తర్జుమా చేశాడు: "నేను నీ పాడె కడతాను."

కొత్తావిడ, పనివాళ్ల వైపు మనిషే, వంటమనిషిని అడిగింది, పాడె అంటే శవాన్ని మోసేదేనా అని. అతను అవునన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. గాభరాలో అతనికి నవ్వు వచ్చింది. మనవాళ్లకు పెద్దల ముందు సిగ్గేస్తే వచ్చే నవ్వు అది. ఆవిడ ముఖం బిగుసుకుపోయింది. నవ్వెందుకు వచ్చిందో లేచి చెప్పాలనిపించింది. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదు.

అతను ఓడిపోయాడు.

బయట నన్ను చూసి అతను ఆగాడు. "అక్కా, మొన్న మీరు ఊకుంటే గెలుస్తుంటినా?"

"గెలుస్తుంటివేమో" అన్నాను.

"గెలుస్తుంటి" అని జాకెట్ జిప్పు ఒక చేత్తో లాగడానికి తంటాలు పడ్డాడు. నేను లాగిపెట్టబోతే వద్దన్నాడు.

అప్పీలుకు వెళ్లమని అతని లాయరు చెప్పింది గానీ, అప్పటిదాకా వీసా నిలబెట్టే ఇంకో వంటగది ఏదీ అతన్ని తీసుకోలేదు. ఈలోగా ఆ మెసేజ్ ఊళ్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోకి చేరింది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఎవరో అందులోని తిట్టును స్టిక్కర్ చేశారు. ఇంటద్దె పెరిగినా, రైలు రద్దయినా దాన్నే పంపుకుని నవ్వుకున్నారు. చదువుకునే పిల్లలు, ఐటీ వాళ్లు, గుంటూరువాళ్లు, కరీంనగర్‌వాళ్లు, అందరికీ ఆ మాట అర్థమైంది. ఒక్కరు కూడా దాన్ని బెదిరింపు అనుకోలేదు. వాళ్లలో ఒక్కరు కూడా కోర్టుకు రాలేదు.

అతను ఇండియా వెళ్లిపోయాడని ఆ గ్రూపులోనే తెలిసింది. ఆ వార్త కింద కూడా ఎవరో అదే స్టిక్కర్ పెట్టారు.