మెదడు నాళాల గురించి సత్యవతి టీచరు అడిగిన ప్రశ్న

కణాలను పెంచే పెట్టె తలుపు తెరిచినప్పుడల్లా వెచ్చటి తడిగాలి ముఖానికి కొడుతుంది. కళ్లద్దాలు మసకబారిపోతాయి. అవి తుడుచుకునే ఆ కాసేపూ నేను ప్రయోగశాలలో ఉండను. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గరి మా చిన్న తెలుగు బడిలో, వాన వెలిసిన మధ్యాహ్నం ఉడికిపోతున్న తరగతి గదిలో ఉంటాను. ఆ పెట్టెలోని గాజు పళ్లేల్లో మెదడు రక్తనాళాల లోపలి గోడ కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని పెరుగుతుంటాయి. ఏ ప్రోటీనూ తయారుచేయని ఆర్.ఎన్.ఎ. ఆ కణాల మీద ఎలా పెత్తనం చేస్తుందో తెలుసుకోవడమే నా ఉద్యోగం. ఈ దారిలోకి నన్ను తోసింది సత్యవతి టీచరు. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే నేను ఇంత చెప్పనక్కర్లేదు.

ఎనభైల మొదట్లో మాట. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా వీధిలో అందరి నాన్నలూ శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి అదే వర్క్‌షాపులో చేరినవాళ్లే. టీచరు కూడా అలాంటి ఇంటి పిల్లే. మా క్వార్టర్లలో సైన్సు డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల అని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు పార్వతి కుటుంబంతో కలిసి ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు స్టీలు డబ్బాతో క్లాసుకి వచ్చింది. మూత తీస్తే లోపల మేక మెదడు. ముందు బెంచీలో ఇద్దరు ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తారు. టీచరు నవ్వింది.

“మాంసం కొట్టు బెంగాలీ దాదా కూడా ‘కూరకా దీదీ?’ అనడిగినాడర్రా. కాదు దాదా, క్లాసుకి అన్నాను. నన్ను పైనించి కిందదాకా సూసినాడు.”

తర్వాత మమ్మల్ని దగ్గరికి పిలిచి, మెదడు మీద పొరలో దారాల్లా అల్లుకున్న ఎర్రటి నాళాలను చూపించింది. “ఏటే రవణా, ఇవేటి?” అని నన్నడిగింది. “గొట్టాలు టీచరమ్మా” అన్నాను. “ఉత్త గొట్టాలే? కాదు. ఒంట్లో మిగతా సోట్ల నెత్తురులోంచి సానా వస్తువులు బయటికి జారిపోతాయి. ఇక్కడ అలాక్కాదు. ఈ గోడలో కణాలు సేతులు పట్టుకున్నట్టు బిగిసి నిలబడతాయి. బుర్రకి కావలసింది లోపలికి పంపుతాయి, వద్దన్నది ఆపుతాయి.” నాకు ఆ డబ్బాలోని మెదడు మీద అసహ్యం పోయి, దాని మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోవడం ఇప్పటికీ గుర్తే.

ఆ మరుసటి ఏడాది ఒక ఉదయం ప్రార్థన జరుగుతుండగా టీచరు కుడిచేయి వేలాడిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. అందరూ కలిసి ఆస్పత్రికి చేర్చారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. అమ్మతో కలిసి చూడటానికి వెళ్తే, నా పేరు కోసం వెతుక్కుంటూ “అది... అది...” అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. క్లాసులో అంత గలగలా మాట్లాడే మనిషి!

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాను. ఏం మాట్లాడాలో తోచక, మా బడిలో ఆవిడ బదులు పాఠం ఎలా సాగుతోందో చెప్పడం మొదలుపెట్టాను. మాటల్లో ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం గుండె కుడివైపుకి వస్తుందనేశాను. “తప్పు!” అని గట్టిగా వినిపించింది. వంటింట్లోంచి పార్వతమ్మ పరుగున వచ్చింది. జబ్బుపడ్డాక అక్క స్పష్టంగా పలికిన మొదటి మాట అదేనట. ఆవిడ ఏడుస్తూ నవ్వింది. టీచరు మాత్రం ఎడమచేత్తో తన గుండె ఎడమపక్క చూపిస్తూ, నేను సరిచేసి చెప్పేదాకా ఊరుకోలేదు.

ఆరునెలలు తిరిగేసరికి కాలు ఈడుస్తూ నడవగలిగింది. మాట నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ వచ్చేది. బడికి వస్తానని కబురు పెట్టింది. బడి కార్యదర్శి అప్పలనాయుడుగారు రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దమనిషి, మంచివాడు. “అమ్మా, మాట ఆగిపోతే పిల్లలు నవ్వుతారు. ఆ బాధ మీకెందుకు? ఇంటికాడ హాయిగా ఉండండి” అన్నాడు. టీచరు ఒకటే జవాబు చెప్పింది. “క్లాసులో కూర్సోండి. సూసి... అప్పుడు సెప్పండి.”

ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మేము ఒకసారి ఆయన్నీ, ఒకసారి టీచర్నీ చూస్తున్నాం. టీచరు ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద వంకరగా రెండు గీతలు గీసింది.

“ఇది నా బుర్రలో... నాళం. ఇక్కడ నెత్తురు...” అని ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట అందడం లేదు. మా అందరికీ ఆ మాట తెలుసు. ఎవరం పలకలేదు. అప్పలనాయుడుగారు ఉండబట్టలేక “గడ్డ...” అని అందించబోయాడు. టీచరు చెయ్యెత్తి ఆపింది.

“అందించకండి. నా మాట... నాకే దొరకాల.”

దొరికింది. “గడ్డ. నెత్తురు గడ్డ అడ్డుపడింది. గాలి అందక గోడలో కణాలు... పట్టు వదిలేసినాయి. నీరు దిగింది. బుర్ర వాసింది. సెయ్యి పడిపోయింది, మాట పోయింది.” తనకు జరిగినదాన్ని మరెవరికో జరిగినట్టుగా, ఒక్కో మెట్టూ విప్పి చెప్పింది. ఒక్క పిల్ల నవ్వలేదు. పాఠం అయ్యాక అప్పలనాయుడుగారు లేచి నిలబడ్డాడు. “రేపట్నించి వచ్చేయండి టీచరమ్మా” అన్నాడు. మేము బల్లలు చరిచిన చప్పుడికి పక్క క్లాసు వాళ్లు కూడా వచ్చి గుమ్మంలో మూగారు. ఆవిడ రిటైరయ్యేదాకా అదే బోర్డు దగ్గర, ఎడమచేత్తోనే పాఠం చెప్పింది.

తొంభైల చివర్లో నేను కలకత్తాలో పరిశోధన చేస్తున్నప్పుడు, ఖరగ్‌పూర్ మలంచా పేటలో ఆవిడ ఉంటున్న ఇంటికి వెళ్లాను. పొరుగింటి బెంగాలీ ఆవిడ, మీనా దీదీ, వరండాలో కూర్చుని ఉంది. టీచరు నా పని గురించి అడిగింది. ఆర్.ఎన్.ఎ. అంటే ప్రోటీన్ తయారీకి కబురు మోసేదనే ఎక్కువగా చదువుకున్నామనీ, ప్రోటీన్ తయారుచేయకుండానే వేరే జన్యువులను అదుపు చేసే ఆర్.ఎన్.ఎ. కూడా ఉందని ఈమధ్య బయటపడుతోందనీ చెప్పాను.

“ఎందులో సూసినారు?”

“ఒకటి సన్నటి పురుగుల్లో చూశారు టీచరమ్మా.”

“మరి... నా బుర్ర గోడలో?”

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. “తెలీదు” అన్నాను.

“ఎవులికీ తెలీదా?”

“నేను చదివినంతలో ఎవరికీ తెలీదు.”

“మరింకేటి! సూడు.”

చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. ఆ గోడ కణాల్లోనూ అలాంటి ఆర్.ఎన్.ఎ.లు ఉన్నాయి. రక్తం ఆగినప్పుడు వాటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. కొన్నేమో కణాల మధ్య పట్టును సడలిస్తాయి, కొన్ని ఆ కణాలను చావకుండా కాపాడతాయి. ప్రపంచంలో ఎందరో కలిసి తెలుసుకుంటున్న సంగతి ఇది. అందులో నా వంతు చాలా చిన్నది. ఆ చిన్న వంతు గురించి నేను రాసిన మొదటి వ్యాసం అచ్చయ్యేసరికి టీచరు లేదు.

కానీ ఆ రోజు నేను సెలవు తీసుకుంటుంటే ఆవిడ మెట్లదాకా వచ్చింది. మీనా దీదీ వైపు తిరిగి, నా భుజం మీద ఎడమచెయ్యి వేసి, ఒక్కసారి కూడా ఆగకుండా అన్న మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. పని సాగని రోజుల్లో దాన్ని నాకు నేనే చెప్పుకుంటాను, ఆవిడ యాసలోనే.

“ఇది నా స్టూడెంటు దీదీ. దీనికి తెలీదంట. అందుకే ఎతుకుతాదంట.”