వెంకాయమ్మ గొంతు, యేసుదాసు చెవులు

గుడ్లవల్లేరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వెంకాయమ్మ ఇరవై ఏళ్లకు పైగా వంట చేసింది. భోజనాలకు గంట కొట్టే అలవాటు అక్కడ లేదు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మాయిలూ, అన్నం!" అంటే మూడో అంతస్తులో నిద్రపోతున్నవాళ్లు కూడా కంచాలతో దిగివచ్చేవారు. ఒకసారి రోడ్డు మీద వెళ్తున్న గుడివాడ బస్సు కూడా ఆగిందట. ఆ మాట చెప్పేది ఆమె భర్త యేసుదాసు కాబట్టి కొంత తగ్గించి నమ్మాలి.

పని మానేసిన రెండేళ్లకు ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. ఆమె చీపురు అడిగితే యేసుదాసు చాప తెచ్చేవాడు. ఫ్యాను వెయ్యమంటే పాలు కాచేవాడు.

పక్కింటి అంకమ్మ మాత్రం ఈ మార్పుకి మురిసిపోయింది. వెంకాయమ్మ వదిన ఏం చెప్పినా గుసగుసగా చెప్తోంది కాబట్టి అదేదో రహస్యమే అయ్యుంటుందని చెవి దగ్గర పెట్టి వినేది. సగం వినపడేది, మిగతా సగం తనే కల్పించుకునేది. "వంకాయలు పుచ్చిపోయాయి" అన్న మాట సాయంత్రానికి చర్చి దాకా వెళ్లేసరికి ఎవరో లేచిపోయారన్న కబురైంది. పాస్టరుగారు పాపం ఎవరో తెలియకుండానే ఆ కుటుంబం కోసం ప్రార్థన చేశారు.

"మీకు చెవుడొచ్చిందండీ. ఎంత అరిచినా ఉలకరు, పలకరు," అంది వెంకాయమ్మ.

"ఏంటీ?" అన్నాడు యేసుదాసు.

అంతే, మర్నాడే అతన్ని బస్సెక్కించి గుడివాడలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు అతని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, రకరకాల మోతలు వినిపించి, "ఈయన చెవులు భేషుగ్గా ఉన్నాయమ్మా," అన్నారు.

"మరి నేను చెప్పేది వినపడదేంటండీ?"

"ఏమన్నారు? కాస్త గట్టిగా చెప్పండి."

వెంకాయమ్మ జాలిపడి భర్త వైపు తిరిగింది. "ఈయనకీ చెవుడే, పాపం. పదండి, ఇంకో డాక్టర్ని చూద్దాం."

ఆ క్షణానికి కరెంటు పోయి ఫ్యాను ఆగింది కాబట్టి ఆ మాట డాక్టరుకి చక్కగా వినపడింది. ఆయన నవ్వారు. నవ్వుతూనే ఆమెను పరీక్షగా చూశారు. అంత మాటన్నా ఆమె ముఖంలో కదలిక లేదు. ఒళ్లో పెట్టుకున్న కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఏదో చిన్న ఉండ చేస్తున్నట్టు వాటంతటవే ఆడుతున్నాయి. "చూపించుకోవాల్సింది మీరమ్మా," అని విజయవాడలో నరాల డాక్టరు దగ్గరికి పంపించారు.

అక్కడ తేలింది, పార్కిన్సన్స్ అని. చేతులూ కాళ్లూ నెమ్మదించినట్టే ఊపిరినీ గొంతునీ నడిపే కండరాలూ నెమ్మదిస్తాయనీ, గొంతు తగ్గి మాట ఎత్తుపల్లాలు లేకుండా చదునైపోతుందనీ, ఆ తేడా రోగి చెవికి మాత్రం తెలియదనీ చెప్పారు.

వెంకాయమ్మ నమ్మలేదు. అక్కడే మాటకు తర్ఫీదు ఇచ్చే సుప్రియ అనే అమ్మాయి ఆమె మాటల్ని ఫోనులో రికార్డు చేసి వినిపించింది.

"ఎవరే ఈ ముసలావిడ? అన్నం తినలేదా ఏంటి?"

"మీరే ఆంటీ."

వెంకాయమ్మ ఫోను వంక చూసింది. తర్వాత భర్త చెవుల వంక చూసింది. యేసుదాసు ఆమె సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు.

"మీకు అరుస్తున్నట్టు అనిపించాలి ఆంటీ. అప్పుడే మాకు మామూలుగా వినపడుతుంది," అని సుప్రియ సాధన నేర్పింది. నిండా ఊపిరి పీల్చి "ఆ..." అని ఆగకుండా అనాలి. ఆ తర్వాత ఇంట్లో రోజూ వాడే మాటల్ని గట్టిగా పదే పదే చెప్పాలి.

మొదటిరోజు పొద్దున్నే ఆమె పెరట్లో నిలబడి "ఆ..." అంది. అంకమ్మ పాము అనుకుని కర్రతో వచ్చింది. ఆమె వెనక వీధిలో సగం మంది వచ్చారు. విషయం తెలిశాక కూడా ఎవరూ కదల్లేదు. ఎంతసేపు ఆగకుండా అంటుందో చూద్దామని అక్కడే నిలబడ్డారు.

ఇక మాటల సాధన. వెంకాయమ్మ "ఏవండీ, మోటారు ఆపండి!" అనే మాట ఎంచుకుంది. ఇంటి వెనక ఉన్న యేసుదాసు, నెలల తర్వాత భార్య మాట స్పష్టంగా వినపడిన సంతోషంలో, పరుగెత్తి నీళ్ల మోటారు ఆపాడు. ట్యాంకు నిండలేదని మళ్లీ వేసి వెనక్కి వెళ్లాడు. మళ్లీ అదే కేక. మళ్లీ ఆపాడు. స్నానాల వేళకి ట్యాంకులో చెంబుడు నీళ్లు లేవు. దాంతో అతను ఏ పనీ చెయ్యక్కర్లేని మాటలే ఎంచుకోమని సుప్రియ ఫోనులో చెప్పాల్సి వచ్చింది.

నాలుగేళ్లయింది. సాధన వల్ల గొంతు కొంత నిలబడింది కానీ జబ్బు ఆగలేదు. ఇప్పుడు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి. ఒక్కోసారి మొదటి అక్షరం దగ్గరే బిగిసిపోతాయి. అప్పుడు మోకాలి మీద వేలితో తట్టుకుంటూ మాటకో దెబ్బ చొప్పున చెప్తుంది. జబ్బుకి వేసుకునే మాత్ర పనిచేసే గంటలో కాస్త బాగుంటుంది కాబట్టి, పోట్లాటలన్నీ ఆ గంటకే దాచుకుంటుంది.

మొన్న పామర్రులో చుట్టాల పెళ్లి నుంచి వచ్చాక, బిర్యానీ మూడుసార్లు వడ్డించుకున్నందుకు యేసుదాసుని కడిగేయడం మొదలుపెట్టింది. మధ్యలో మాత్ర బలం తగ్గింది. మాట బిగిసింది. వేలు తడుతోంది కానీ మాట రావడం లేదు.

"ఇంకా ఉందా?" అన్నాడతను.

ఆమె ఉందన్నట్టు తల ఊపింది.

యేసుదాసు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.