మూడో పిలుపు

ఒంగోల్లో నేను తెలుగు టీచరుగా చేరిన ప్రైవేటు స్కూల్లో ఏటా చలికాలం మొదట్లో జిల్లా పిల్లలందరికీ వక్తృత్వ పోటీ పెట్టేవాళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకింకా పెళ్ళి కాలేదు, ఉద్యోగం కొత్త, గొంతు మాత్రం పెద్దది. ఆ గొంతు వినే మాస్టారు నాకు మైకు అప్పగించారు.

మాస్టారంటే మా హెడ్మాస్టరు కాదు. ఎప్పుడో రిటైరైపోయి, ఈ పోటీని మాత్రం తన చేతిలోనే ఉంచుకున్న పెద్దాయన. నియమాలన్నీ ఆయన రాసినవే. పోటీ మొదలయ్యే ముందు నేను వాటిని చదివి వినిపించాలి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివేవాళ్ళే అర్హులు. స్కూలుకి ఒక్కరే. అందరికీ ముందే ఇచ్చిన ఒకే అంశం మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి, చేతిలో కాగితం ఉండకూడదు. తమ పేరు గానీ, ఊరు గానీ, బడి పేరు గానీ వేదిక మీద చెప్పకూడదు. ఎవరి నంబరు వాళ్ళకి వారం ముందే బడికి పంపేవాళ్ళం. ఆ నంబరు పిలిచినప్పుడు రావాలి. మూడుసార్లు పిలిచినా రాకపోతే అర్హత రద్దు.

పేర్లెందుకు వద్దన్నారని నేను మొదటి ఏడాదే అడిగాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మా చిన్నప్పుడు పేరు పిలిచేవాళ్ళమ్మా. నా ఇంటిపేరు వినపడంగానే ముందు వరసలో కూర్చున్న జడ్జిగారు పెన్నుకి మూత పెట్టేశాడు. నేనింకా మెట్లు కూడా ఎక్కలేదు."

ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. నియమాలు చదివేటప్పుడు ఆ వాక్యం దగ్గర నా గొంతు ఇంకాస్త పెంచేదాన్ని.

రెండో ఏడు పోటీ రోజున రేకుల హాలు నిండా పిల్లలు. వరండాలో చెప్పులు గుట్టగా పడున్నాయి. పదమూడో నంబరు అబ్బాయి మధ్యలో మాటలు మర్చిపోయి, జడ్జిలకి నమస్కారం పెట్టి దిగిపోయాడు. మధ్యాహ్నం కావొస్తుండగా నేను పద్నాలుగో నంబరు పిలిచాను. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాను. పిల్లలు వెనక్కి తిరిగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పద్నాలుగో నంబరు. ఇదే ఆఖరి పిలుపు."

"వస్తున్నానండీ."

వరండాలోంచి వినిపించింది. ఆడపిల్ల గొంతు. గబగబా నడుస్తూ అన్న మాటలా ఉంది. నేను మైకు దించి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. గుమ్మంలో ఎండ, అవతల చెప్పుల గుట్ట, అంతే. మాస్టారు కింద నుంచి నావైపు చూశారు.

"ఏమ్మా, ఆగిపోయావు?"

"వస్తున్నానని ఎవరో అన్నారు మాస్టారూ."

"ఎవరూ అన్లేదే."

పక్కనున్న జడ్జిగారు కూడా తల అడ్డంగా ఊపారు. నేనే గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చాను. వరండా ఖాళీగా ఉంది. తిరిగొచ్చి పదిహేనో నంబరు పిలిచాను. సాయంత్రం బహుమతులిచ్చి, కుర్చీలు సర్దించి, ఆ సంగతి మర్చిపోయి ఇంటికెళ్ళాను.

మర్నాడు ఆ పద్నాలుగో నంబరు పిల్ల చదివే బడి నుంచి తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. చీమకుర్తి వైపు పల్లె వాళ్ళది. నాన్న మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని పోటీకి తీసుకొస్తున్నాడు. గ్రానైటు బండ వేసుకున్న లారీ పక్కనుంచి దాటిపోతుంటే బండి రోడ్డంచు దిగి పడిపోయింది. ఆయనకి చెయ్యి విరిగింది. అమ్మాయి ఆస్పత్రిలో మధ్యాహ్నం దాకా ఉండి ప్రాణం విడిచింది. "రాలేకపోయిన కారణం మీకు తెలియజేయాలి కదా, అందుకని" అన్నారాయన.

మా చిన్నప్పుడు అమ్మమ్మ మాకో జాగ్రత్త చెప్పేది. చీకటి పడ్డాక బయటినుంచి ఎవరన్నా పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దు, మనుషులైతేనే మూడోసారి పిలుస్తారు అని. ఆ ఫోను వచ్చాక ఆ మాట నన్ను పట్టుకుంది. నేను మనిషినే, మూడోసారి పిలిచాను, పలికింది. పట్టపగలు, రెండొందల మంది పిల్లల మధ్య. క్లాసులో హాజరు పిలుస్తుంటే ఏ పిల్లయినా "ప్రెజెంట్ మేడమ్" అనడం ఆలస్యమైతే తలెత్తి గుమ్మం వైపు చూసేదాన్ని. ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని కాదు, నిజమేనంటారని.

ఆ పిల్ల దినకర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్న వచ్చాడు. పిల్లలు అన్నాలు తింటున్నారు. నేను ఖాళీ హాల్లో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కట్టు కట్టిన చేతిని తువ్వాలుతో మెడకి వేలాడేసుకున్నాడు. గడ్డం మాసిపోయింది. ఎవరో నేను అడక్కుండానే తెలిసిపోయింది.

"కూర్చోండి" అన్నాను.

కూర్చోలేదు. "ఆ రోజు పిలిచింది మీరేనంట గదమ్మా?"

"నేనేనండీ."

"మా అమ్మాయిని పిలిచారా?"

"పిలిచానండీ. మూడుసార్లు."

"గట్టిగానే పిలిచారా?"

"మైకులో పిలిచానండీ."

"ఏమని?"

"పద్నాలుగో నంబరు అని."

"పేరు పెట్టి పిలవలేదా?" అన్నాడు.

పేర్లెందుకు పిలవమో చెప్పాను. ఇంటిపేరు విని, ఊరు చూసి, ఫలానా వాళ్ళ పిల్లలని మార్కులు వేయకుండా పెట్టుకున్న నియమమని చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. మధ్యమధ్యలో తల ఊపాడు.

"మంచిదే. మాలాంటోళ్ళ కోసం పెట్టిందే" అన్నాడు. "కానీ నంబరు మొన్ననే గదమ్మా ఇచ్చింది. దానికి అలవాటు ఉండదు గదా. పేరైతే పుట్టినకాడ్నించీ పిలుస్తన్నాం."

ఆయన ఇప్పుడు కూర్చున్నాడు, పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు పైకొచ్చేలాగా.

"ఎవరన్నా పలికారా?"

ఈ ప్రశ్న వస్తుందని నేననుకోలేదు. లేదని అనడం ఎంతో తేలిక. కానీ ఉన్నదే చెప్పాను.

"నాకు వినపడిందండీ. వస్తున్నానండీ అని. వరండాలోంచి. ఇంకెవరికీ వినపడలేదు. నేను వెళ్ళి చూశాను, ఎవరూ లేరు."

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ఎక్కడ, అని నన్నడిగాడు. గుమ్మానికి ఎడమ పక్కన స్తంభం చూపించాను. స్తంభం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

లోపలికొచ్చాక ఆయన మాటలో తేడా కనిపించింది. పక్కింటాయనతో చెప్పుకున్నట్టు చెప్పుకుపోయాడు. అమ్మాయి పొలంలోనే మాటలు బట్టీపట్టేదట. ఈయన మిరపచేలో పెట్రోలు స్ప్రేయరు వీపున కట్టుకుని మందు కొడుతుంటే, గట్టు మీద నిలబడి చేతులు తిప్పుతూ చేనుకి ఉపన్యాసం ఇచ్చేదట. ఎంతసేపైందో చూసుకోడానికి దానికి గడియారం లేదు. నాన్న మూడు సాళ్ళు కొట్టి గట్టు దగ్గరికి వచ్చేలోపు ముగించాలని లెక్క పెట్టుకుంది.

"మొదలు నాకు నోటికొచ్చమ్మా. గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారాలు. ఈరోజు నేను మాట్లాడబోయే అంశం..." అక్కడ ఆగాడు. "అక్కడికొచ్చేతలికి నేను చేల్లోకి పోయేవాణ్ణి. ఆ మిషను మోతలో ఇంకేం వినపడేది కాదు. అంశం ఏందమ్మా?"

"నీరు అండీ. 'నీరు, మన బాధ్యత'."

"నీరా?"

"అవునండీ."

ఆయన బెంచీ అంచు పట్టుకున్నాడు. మంచినీళ్ళు తెమ్మంటారా అని లేవబోయాను. వద్దన్నట్టు బాగున్న చెయ్యి ఎత్తాడు.

"ఆస్పత్రిలో పెదాలు కదిలించిందమ్మా. నేను చెవి దగ్గరగా పెట్టా. నీరు, అన్నది. దాహమేమోనని డాక్టరు కాళ్ళు పట్టుకున్నా. నీళ్ళు పట్టకూడదన్నాడు. తడిగుడ్డ పెదాలకి అద్దతా ఉన్నా. వద్దన్నట్టు తల తిప్పేస్తంది. మళ్ళీ నీరు అంటంది." ఆయన నావైపు చూశాడు. "ఇంట్లో మేం నీళ్ళనే అంటాం గదమ్మా. అదీ నీళ్ళనే అంటది. నీరు అని ఎప్పుడన్నదీ? ఇన్ని రోజులూ నాకది అర్థం కాలా."

బయట పిల్లలు అన్నం గిన్నెలు కడుక్కుంటున్న చప్పుడు. అమ్మాయి పోయేసరికి టైమెంతైందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

వెళ్ళేముందు ఒకటి అడిగాడు. "ఒకసారి పేరు పెట్టి పిలవమ్మా. ఆ రోజు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి."

నేను వేదిక ఎక్కాను. మైకు లేదు. ఆయన అమ్మాయి పేరు చెప్పాడు. మామూలు పేరు, నా క్లాసులోనే ఇద్దరికి ఉన్న పేరు. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా పిలిచాను. రెండోసారి సరిగానే పిలిచాను. ఆయన గుమ్మం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మూడోసారి హాలంతా వినపడేలా పిలిచాను. పిలిచాక ఇద్దరం విన్నాం. కుళాయి దగ్గర ఎవరో నవ్వారు. రేకుల మీద కాకి నడిచింది. ఇంకేమీ లేదు.

"చాలమ్మా" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాటాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటేడు నియమాల గురించి మీటింగు పెట్టినప్పుడు పేరు పెట్టి పిలుద్దామని నేను పట్టుబట్టాను. మాస్టారు ఒప్పుకోలేదు. నేను జరిగిందంతా చెప్పాను, ఆ గొంతు సంగతితో సహా. ఆయన విన్నారు.

"నీ బాధ నాకర్థమైందమ్మా. కానీ ఒక్క పిల్ల కోసం మిగతా పిల్లల్ని ఆ పెన్నుల ముందు నిలబెట్టలేను."

ఆయన తప్పని నేననలేను. చివరికి మధ్యేమార్గం ఒకటి దొరికింది. వేదిక మీద మూడుసార్లు నంబరే పిలవాలి. అప్పటికీ రాకపోతే, జడ్జిలకి వినపడకుండా ఒకరు వరండాలోకి వెళ్ళి పేరుతో పిలవాలి. ఆ పని నేనే చేస్తానన్నాను.

ఆ ఏడాది ఆరో నంబరు అబ్బాయి రాలేదు. వరండాలోకెళ్ళి పేరు పిలిచాను. కుళాయి గోడ వెనక నక్కి కూర్చున్నవాడు భయంభయంగా లేచొచ్చాడు. వాణ్ణి లోపలికి పంపినా నేను మాత్రం కాసేపు అక్కడే ఉండిపోయాను. పక్కనున్న టీచరు భుజం తట్టి, "వచ్చాడుగా, ఇంకెవరి కోసం?" అంది.

అప్పుడే చూశాను, ఆ స్తంభం దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. ముతక చీర, చేతిలో సంచి. ఆ రోజు పిలిచింది నేనేనని పోల్చుకుని దగ్గరికొచ్చింది.

"పద్నాలుగో నంబరు పిల్ల వాళ్ళమ్మనండీ. మా ఇంటాయన చెప్పాడు, మీరు పిలిస్తే పలికిందంట గదా?"

"నాకట్లా వినపడిందండీ."

"వస్తున్నానండీ, అన్నదా?"

"అవునండీ."

"నేను పిలిస్తే ఏందే అమ్మా అనేది. అండీ అనడం నేనెప్పుడూ వినలా. మీ లాంటోళ్ళతో అట్లాగే అనేదేమో. నలుగుర్లో ఎట్లా మాట్లాడుద్దో నాకు తెలవదు, ఒక్కసారి కూడా పోలేదు." సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "దాని గొంతు కొంచెం జీరగా ఉంటదమ్మా. మీరు విన్న గొంతు జీరగా ఉందా?"

నేను గుర్తుచేసుకోడానికి నిజంగానే ప్రయత్నించాను. అంతలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దులే, చెప్పొద్దు. ఉందంటే నేను రోజూ ఇక్కడికే వచ్చి కూచుంటా. లేదంటే ఆయన తట్టుకోలేడు."

లోపలికి రమ్మని తీసుకెళ్ళి వెనక వరసలో కుర్చీ వేశాను. చివరి నంబరు దాకా ఉంది. ప్రతి పిల్లా నమస్కారం పెట్టినప్పుడల్లా ఆవిడా చేతులు జోడించింది. బహుమతుల వేళకి చూస్తే కుర్చీ ఖాళీ.

నాలుగేళ్ళకి నాకు వేటపాలెం దగ్గర ప్రభుత్వ బళ్ళో పోస్టింగు వచ్చింది. మాస్టారు పోయారు, ఆయనతోపాటు ఆ పోటీ కూడా ఆగిపోయింది. ఆ తల్లిదండ్రుల్ని మళ్ళీ చూడలేదు. ఆ గొంతు జీరగా ఉందో లేదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఉందనిపించిన రోజున పాఠం మధ్యలో ఆగిపోతాను. లేదనిపించిన రోజున అది ఇంకెవరి గొంతో తెలియక, పిల్లల్ని చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడతాను.