చొక్కాలు చింపే సబ్బు

ఆ రోజుల్లో ఆత్మకూరులో మనిషి తెలివిని డిగ్రీతో కొలిచేవాళ్లు. నేను డిగ్రీ రెండుసార్లు తప్పాను కాబట్టి నా తెలివి నాకొక్కడికే తెలుసు. ఆదివారం ఉదయం మందుల అంగడాయన వరండాలో మా వీధి వీధంతా టీవీ ముందు చేరేది. వాళ్లు సీరియల్ కోసం వస్తే నేను దానికి ముందొచ్చే ప్రకటనల కోసం వెళ్లేవాణ్ణి. అరనిమిషంలో కథంతా అయిపోయేది. ముందు ఒక వెర్రిబాగులవాడు, వాడికో కష్టం, అది ముదిరి నలుగురిలో పరువు పోవడం, జనం నవ్వుతుండగానే ఎవరో వచ్చి చేతిలో ఒక పొట్లం పెట్టడం. నవ్వు ఆగేలోపల పేరు చెప్పేస్తారు. మా ఇంట్లో ఉర్దూ కాబట్టి ఆ హిందీ నాకు అర్థమయ్యేది. వరండా మొత్తానికి నేనే తెలుగులో చెప్పి మరీ నవ్వించేవాణ్ణి. సోమవారం వాళ్లంతా అంగడికెళ్లి ఆ టీవీ సబ్బే అడిగేవాళ్లు.

దానివల్ల దెబ్బతిన్నది ఎవరో కాదు, మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు. ఉదయగిరి నుంచి చదువుకోసం వచ్చిన నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్నవాడు. ఇంటి వెనక పెద్ద బాండ్లిలో కానుగ నూనె, కాస్టిక్ సోడా ఉడికించి, చెక్క చట్రంలో పోసి, ఆరాక తీగతో కోసి బట్టల సబ్బు చేసేవాడు. చూపుకు పచ్చగా, మొరటుగా ఉండేది కానీ మురికిని మాత్రం మిగల్చేది కాదు. దుత్తలూరు నుంచి కలువాయి దాకా అంగళ్లకి అదే పోయేది. టీవీ వచ్చాక గిరాకీ పడిపోయింది. మామూ మొహం చూడలేక, "మనం కూడా కథ చెప్పాల మామూ" అన్నాను.

"సబ్బుకి కథేందిరా? రుద్దితే మురికి పోతాది. అంతే కథ," అన్నాడు మామూ. (ఇంట్లో ఏ మాటైనా ఉర్దూలోనే, వ్యాపారం మాట మాత్రం తెలుగులో. అది ఆయన పెట్టుకున్న నియమం.)

మామూ భార్య, మా ముమానీ, నా పక్షం చేరింది. మేనల్లుడు ఏదో చేస్తానంటుంటే చేయనిమ్మని ఆయన వెంటపడింది. చివరికి ఒక జీపు, మైకు, జీపు మీద మా సబ్బు పేరుతో బారెడు బోర్డు సిద్ధమయ్యాయి. కత్తెర అని మేం పిలిచే దర్జీ స్నేహితుడు పెళ్లికొడుకు వేషానికి ఒప్పుకున్నాడు. కథ ఏమంటే, వాడు పెళ్లిచూపులకి పోతూ ఏదో నాసిరకం సబ్బుతో చొక్కా ఉతుక్కుంటాడు. అక్కడ మర్యాదగా నమస్కారం పెట్టబోతే చొక్కా కుడి భుజం ఊడిపోతుంది, సర్దుకోబోతే ఎడమది. ప్రతి ఆటకీ ఊడేటట్టు కత్తెరే కచ్చా కుట్లు వేసుకున్నాడు. ఇక ఆ నాసిరకం సబ్బు కావాలి. పరాయి సబ్బుని మన జీపెక్కించడమెందుకని మా సబ్బుకే కాగితం ఊడదీశాను. ఆ ఐడియాకి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. మామూ ఆ బిళ్లని చేతిలోకి తీసుకుని, "దీనికి చెడ్డ వేషం ఎయ్యొద్దురా. నా మనసు ఒప్పడంలా," అన్నాడు. "నాటకం మామూ! సబ్బుని ఎవురు చూస్తారు?" అన్నాను.

ఉదయగిరి సంతలో మొదటి ఆట. కుడి భుజం ఊడేసరికి మేకలమ్మేవాళ్లు బేరాలు వదిలేసి వచ్చారు. ఎడమది ఊడేసరికి జీపు కనపడనంతగా జనం మూగారు. గుంపులో నిలబడి మామూ కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూసి ఏడాది దాటింది. మంచి సబ్బు వచ్చి మంచి చొక్కా తొడిగే రెండో భాగానికి మాత్రం జనం లేరు. నవ్వాల్సిందంతా నవ్వేసి వెళ్లిపోతున్నారు. మామూ పక్కనున్న ఒకామె బోర్డు వైపు చెయ్యి చూపించి, "ఓయమ్మా, మా ఇంట్లో ఉండేది ఈ సబ్బేగదా! మా ఆయన చొక్కాలు ఏమైపోతాయో!" అంది.

మామూ నవ్వు ఆగిపోయింది. జీపెక్కాక, "చాలురా, ఇంక ఆడొద్దు," అన్నాడు. నేను విన్లేదు. మొదట్లో అంతే మామూ, జనానికి అలవాటు కావాల అంటూ ఇంకో నాలుగు ఊళ్లు తిప్పాను. నిజం చెప్పాలంటే సబ్బు సంగతి నాకప్పటికే గుర్తులేదు, ఆ నవ్వు రుచి మరిగాను. నెల తిరక్కుండా మా సబ్బుకి 'చొక్కాలు చింపే సబ్బు' అనే పేరు స్థిరపడింది. దుత్తలూరు అంగడాయన పెట్టెలు తిప్పి పంపిస్తూ, "నీ ఆట బలే ఉండాది అబ్బయా. సబ్బు మాత్రం వద్దు," అని భుజం తట్టాడు. సిగ్గులేనివాణ్ణి, ఆ మొదటి మాటకి లోపల్లోపల పొంగిపోయాను.

బాండ్లి కింద మంట ఆగిపోయింది. ఇరవై ఏళ్లు సొంత సరుకు చేసినవాడు ఒక నూనె అంగట్లో తూకం వేసే పనికి చేరాడు. టీవీ సబ్బుని నెల్లూరు నుంచి సరఫరా చేసే ఏజెంటుకి నా ఆట సంగతి తెలిసి, వాళ్ల సబ్బుకి ఆడమని నాకు కబురు పెట్టాడు. మైకు, జీపు, జీతం, అన్నీ వాళ్లవే. ఆ మాట మామూకి చెప్పడానికి నాకు మూడురోజులు పట్టింది. ఆయన తిట్టలేదు. "పోరా. నాకు సబ్బు చేయడం వచ్చు, నీకు నవ్వించడం వచ్చు. ఏది అమ్ముడుపోతాదో తెలిసిపోయింది కదా," అన్నాడు.

ఏడాది తర్వాత ఆత్మకూరు వెళ్లాను. ఈసారి కాళ్లమీద పడైనా క్షమించమని అడగాలని బస్సులో మాటలన్నీ కూర్చుకున్నాను. మామూ కుళాయి దగ్గర గొంతుక్కూచుని చొక్కా ఉతుక్కుంటున్నాడు. చేతిలో ఉన్నది మా కంపెనీ టీవీ సబ్బు. నన్ను చూసి, "నురుగు బాగానే వస్తాదిరా," అన్నాడు. పనివాడు ఇంకో పనివాడి పనిని మెచ్చుకున్నట్టు, నిజాయితీగా. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఏదో ఒకటి అనాలి కదా, అలవాటు కొద్దీ నోట్లోంచి, "భుజాలు జాగ్రత్త మామూ!" అని వచ్చేసింది.

మామూ నవ్వాడు. నేను చిన్నబుచ్చుకుంటానని నవ్వాడు. ఆ తర్వాత ముమానీ టీ ఇచ్చింది, తాగి బస్సెక్కాను. ఇప్పుడు మామూ లేడు. అప్పటి నేను, ఆ కుర్రవెధవ, తలపుకొస్తే నాకు నవ్వూ వస్తుంది, వాడి చెంప పగలగొట్టాలనీ ఉంటుంది. మనిషన్నవాణ్ణల్లా నవ్వించగలనని విర్రవీగినవాడు, ఒక్క మనిషిని క్షమించమని అడగలేక టీ తాగి వచ్చేశాడు.