పడవల బ్రష్‌కు వంకాయ పరీక్ష

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మే నెల మొదటివారంలో, ఎల్.బి.నగర్ దాటాక హైవే పక్కనున్న మా శాఖ పడవల వర్క్‌షాపుకు నన్ను ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. కనుచూపు మేరలో నీటిచుక్క లేని చోట పడవల వర్క్‌షాపు ఏమిటని మా బంధువులు నవ్వేవారు. చెరువుల్లో తిరిగే షికారు పడవలు, నాగోల్ వైపు మూసీ పొంగితే కాలనీల్లోకి పంపే సహాయ పడవలు, అన్నీ ఏడాదికోసారి లారీల మీద అక్కడికే వచ్చేవి. కడిగి, పగుళ్లు పూడ్చి, మెరుగు పెట్టి, వానలు మొదలయ్యేలోగా తిరిగి పంపడం మా పని.

పడవ కడగడమంటే స్కూటర్ కడిగినట్టే అనుకుంటారు చాలామంది. ఫైబర్ పడవకు పైన జెల్‌కోటు అనే నున్నని పూత ఉంటుంది. దాని మీద గీతలు పడితే వాటిలో పాచి చేరుతుంది, మరుసటి ఏడు ఎంత రుద్దినా వదలదు. అందుకే ముందు నీళ్లు కొట్టి ఇసుకంతా పోయాకే బ్రష్ పట్టాలి. పక్కలకు మెత్తని బ్రష్. అడుగున పట్టిన పాచికి కాస్త గట్టిది. కాలు జారకుండా గరుకుగా చేసిన లోపలి నేలకు కొబ్బరి పీచు. ఇనుప తీగల బ్రష్ మాత్రం గేటు దాటి లోపలికి రాకూడదు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. మాది కాకినాడ దగ్గర పల్లె, పుట్టిందే పడవల మధ్యనని చేరిన రోజే అందరికీ చెప్పాను, ఎవరూ అడక్కపోయినా. పాత బ్రష్‌లు అరిగిపోయాయంటే స్టోర్‌కీపర్‌ను పంపకుండా, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి దుకాణానికి నేనే వెళ్లాను. ఒక్కోదాన్నీ అరచేత్తో నిమిరి, మెత్తగా తగిలినవే ఏరి తెచ్చాను.

పడవలు కడిగే నలుగురిలో వయసులో పెద్దది యాదమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో కిరాయికి ఉండేది. భర్త మంచాన పడ్డాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచేది. ఆమెది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) గారు జాబితాలో పేరు కొట్టేస్తే మర్నాటి నుంచి గేటు లోపలికి రానివ్వరు. విచారణ, అప్పీలు లాంటివి మావంటి పర్మనెంటు వాళ్లకే.

కొత్త బ్రష్‌లు చేతికివ్వగానే యాదమ్మ ఒకదాన్ని మణికట్టు లోపలివైపు రాసుకుని చూసింది. "సార్, గివి గీకుతయి. పక్కలకు ఒద్దు, అడుక్కు వాడుదం" అంది.

"పడవల సంగతి నాకు చెప్పకమ్మా, పని చూడు" అన్నాను.

ఆమె బకెట్ ఎత్తుకుని పడవ దగ్గరికి నడిచింది. ఆ వారంలో నాలుగు కొత్త పడవలు కడిగారు. షెడ్డు నీడలో బాగానే కనిపించాయి. ఈఈ గారు తనిఖీకి వచ్చిన రోజు వాటిని బయటికి లాగి ఎండలో పెట్టేసరికి, పక్కలన్నీ సన్నని గీతలతో వెలిసిపోయినట్టున్నాయి. ఆ సమయానికే యాదమ్మ ఇంకో పడవలోంచి పీచు పట్టుకుని దిగింది. ఇంకేముంది. పని తొందరగా తెమల్చడానికి పక్కలను కూడా పీచుతో రుద్దిందని ఈఈ గారు తేల్చేశారు. ఆమెను తొలగించమని సిఫారసు చేస్తూ సాయంత్రం ఐదింటికల్లా నివేదిక పంపమన్నారు.

నేను కాదనలేదు. నేనూ అదే అనుకున్నాను. అలా అనుకోవడంలో నాకు సుఖం కూడా ఉంది.

'సిబ్బంది నిర్లక్ష్యం కారణంగా' అని మొదలుపెట్టి సగం పేజీ రాశాను. యాదమ్మ వచ్చి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. ఒక చేతిలో అరిగిన పాత బ్రష్, ఇంకో చేతిలో నేను తెచ్చినది, కొంగులో రెండు వంకాయలు. ఇంటికి కూరకని మధ్యాహ్నం గేటు బయట బండి మీద కొన్నవట.

"పీచు నేలకే వాడిన సార్. పక్కలకు మీరిచ్చిన బ్రషే" అంది. "ఈడికి రాకముందు నేను ఆరేండ్లు కూరగాయలు అమ్మిన. గీత పడ్డ వంకాయ ఎవ్వలు కొనరు. జర చూడుండ్రి."

నా బల్ల మీదే ఒక వంకాయను తడిపి పాత బ్రష్‌తో పదిసార్లు రుద్దింది. తొక్క నిగనిగలాడుతూ అలాగే ఉంది. రెండోదాన్ని నా బ్రష్‌తో రుద్దితే నాలుగోసారికే తెల్లని చారలు తేలాయి.

చేత్తో చూసే తెచ్చానన్నాను. "మీ చేతికి కాయలు కాసినయి సార్. దానికేం తెలుస్తది" అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది.

భూతద్దం పెట్టి చూశాను. పాత బ్రష్ పోగుల కొసలు సన్నగా చీలి దూదిలా విచ్చుకున్నాయి. కొత్తవాటివి కత్తిరించినట్టు తిన్నగా ఉన్నాయి. పోగు సన్నగా ఉంటే నిమిరే చేతికి మెత్తగానే తగులుతుంది, కానీ గీకేది కొస. తర్వాత పడవల దగ్గరికి వెళ్లాను. పీచుతో రుద్దితే చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది. ఇక్కడి గీతలన్నీ పొడుగ్గా, బ్రష్ లాగిన దారిలోనే ఉన్నాయి. చివరికి కడగని పడవ ఒకటి తీసి, ఇసుక పోయేదాకా నీళ్లు కొట్టి, వెనక మూల బెత్తెడు మేర నా బ్రష్‌తో నేనే రుద్దాను. అవే గీతలు.

సిగ్గేసింది. భయం కూడా వేసింది. టీ తెప్పించుకుని, అది చల్లారేదాకా ఆ సగం పేజీని చూస్తూ కూర్చున్నాను. తర్వాత దాన్ని చింపి కొత్త కాగితం తీశాను. బ్రష్‌ల ఎంపిక నాది, పక్కలకు వాడమన్న ఆదేశం నాది, అవి పనికిరావని యాదమ్మ ముందే చెప్పినా నేను వినలేదు అని మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను.

ఈఈ గారు చదివి, రిటైర్మెంటు ముందు సర్వీసు రిజిస్టరులో ఇలాంటి మరక అవసరమా అని అడిగారు. ఆమెను తీసేశాక కూడా ఇవే బ్రష్‌లతో గీతలు పడితే ఆ నివేదికలో ఎవరి పేరు రాయమంటారని అడిగాను. ఆయన నాకు హెచ్చరిక మెమో ఇచ్చారు. యాదమ్మ పేరు జాబితాలో అలాగే ఉంది.

మర్నాడు బ్రష్‌లు మార్చడానికి దిల్‌సుఖ్‌నగర్‌కు యాదమ్మనూ తీసుకెళ్లాను. ఆమె సంచిలోంచి వంకాయ తీసి ఒక్కో బ్రష్‌తో రుద్దుతుంటే, "ఏంది సార్, బ్రష్‌తోని గుత్తొంకాయ చేస్తరా?" అన్నాడు దుకాణదారు. ఆమె ఆరు రకాలు పక్కన పడేసి ఏడోది ఎంచింది. పడవలు కడిగే నియమావళిలో 'బ్రష్‌ను ముందుగా వంకాయపై పరీక్షించాలి' అని రాసి పంపితే, ఈఈ గారు 'వంకాయ' కొట్టేసి 'తగిన నమూనా' అని దిద్దారు. వర్క్‌షాపులో మాత్రం నేను దిగిపోయే రోజు వరకూ వంకాయే వాడాం.

బ్రష్ ఎవరు పట్టుకుంటారో వాళ్లను అడిగి కొనాలి. నేను నేర్చుకున్నది అంతే. ఆ బ్రష్‌లు గీకుతాయని యాదమ్మ మొదటిరోజే ఉచితంగా చెప్పింది. అది చెవికెక్కడానికి నాకు నాలుగు పడవలు పట్టాయి.