గుడి లేని కంది

1981వ సంవత్సరం, డిసెంబరు ఇరవయ్యో తేదీ, ఆదివారం, పొద్దున ఏడున్నర. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ తేదీని ఆ రోజే నా చేత్తో నేను రాసుకున్నాను. అప్పటికి నాకు రాయడం వచ్చి ఎనిమిది నెలలు. నలభై నాలుగేళ్ళ మనిషికి అక్షరాలు వస్తే పసిబిడ్డకు పళ్ళు వచ్చినట్టే. కనబడిందల్లా కొరకబుద్ధేస్తుంది. కొట్ల మీద బోర్డులు, బస్సుల మీద ఊళ్ళ పేర్లు, అగ్గిపెట్టె మీద రాసింది, దేన్నీ వదిలేదాన్ని కాదు.

ఆ ఏడున్నరకు చిత్తూరులో మా సందులోకి ఎద్దులబండి వచ్చింది. బండిలో ఏడు గంపలు, ఒక గోనెసంచి. సంచిలో కంది ఉండాలి. కంద ఉంది.

గంపల సంగతి ముందు చెప్పాలి. మా సందులో ఏడిళ్ళు. బంగారుపాళ్యం దారిలో, ఊరికి మూడు మైళ్ళ అవతల ఒకాయనకు బావి కింద రెండెకరాల తోట ఉండేది. మేమంతా ఆయన్ని తోటాయన అనేవాళ్ళం. వంకాయలు మార్కెట్టుకు తెస్తే దళారి చెప్పిందే ధర, మిగిలినవి ఆవులకు. మా సందు చివరింట్లో రిటైరైన గుమాస్తాగారు ఒక వేసవిలో ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, సాగుకు కావలసింది మా ఏడిళ్ళవాళ్ళం ముందే ఇస్తాం, పండినదాన్ని మాకు సమంగా పంచుతావా అని అడిగారు. బాగా పండితే బాగా తింటాం, పండకపోతే ఆయన్ని ఒక్క మాట అనం. అదీ ఒప్పందం. ఒకరు విత్తనాలకు ఇచ్చారు, ఒకరు ఎరువుకు ఇచ్చారు. మా ఇంట్లో ఇవ్వడానికి చేతులే ఉన్నాయి. నేనూ మా ఆయనా నాలుగు రోజులు ఆ బావిలోకి దిగి పూడిక తీశాం. ఆ బురద నా గోళ్ళను వదలడానికి పక్షం రోజులు పట్టింది. మా గంప ఎవరి గంపకూ తక్కువ కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

గంప ప్రతి ఆదివారం వచ్చేది. అందులో ఏముంటుందో వచ్చేదాకా తెలిసేది కాదు. సంతకు పోతే మనం తినాలనుకున్నది కొనుక్కుంటాం. గంపలో నేల ఏది ఇస్తే అది వస్తుంది. మనకు వంట వచ్చో రాదో అక్కడ తేలిపోతుంది. ఒకసారి మూడు వారాలు వరసగా ముల్లంగే వచ్చింది. కొన్ని ఇళ్ళలో మొహాలు ముడుచుకున్నారు. నేను గడ్డను సాంబారులో వేశాను, ఆకును పెసరపప్పులో ఉడికించాను, మిగిలినదాన్ని తురిమి పచ్చిమిరపకాయలతో రోట్లో నూరి సంగటిలోకి పెట్టాను. మూడో వారం మా ఆయన ముల్లంగి అయిపోయిందా అని అడిగాడు. ఆయన అంతకు మించి మెచ్చుకోడు. గుమ్మడికాయలు రాకముందే గుమ్మడి తీగ కొసలు వచ్చేవి. పీచు తీసి, వెల్లుల్లి దంచి వేసి వేయిస్తే మాంసం గుర్తుకు రాదు. వేరే ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని మా గడపలోకి వచ్చి ఎట్లా చేసినావని అడిగేవాళ్ళు. చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదయ్యేదని మా పెద్దమ్మాయి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అయితే అయ్యింది.

ఖాళీ గంపలు తిరిగి పోయేటప్పుడు వాటితో ఒక చీటీ పోయేది. ఎవరింట్లోనైనా పని ఉండి ఫలానాది ఎక్కువ కావాలంటే అందులో రాసేవాళ్ళం. తోటాయన మూడో తరగతి దాకా చదివాడు. కూడబలుక్కుని చదివేవాడు. చీటీ రాసేది గుమాస్తాగారు. ఆయన అక్షరం గుండ్రంగా ఉండేది, మనిషీ అంతే. ఆ ఏడు ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఆయన భార్య ఇక చీటీ మానేసి నోటితో చెప్పి పంపుదామంది. నేను రాస్తానన్నాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, సరే, ఈ ఒక్కసారి చూద్దాం, సరిగా వస్తే చీటీ పని నీదే, లేకుంటే నోటిమాటే అంది. ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. అక్కా అనేదాన్ని. ఆమె మాట ఎప్పుడూ సూటిగానే ఉంటుంది. నాదీ అంతే. అందుకే మా ఇద్దరికీ పడేది కాదు.

అది కూడా మామూలు చీటీ కాదు. ప్రతి ఏడూ కంది గింజ పాలుపోసుకునే రోజుల్లో ఒక ఆదివారం ఏడిళ్ళవాళ్ళమూ, తోటాయన ఇంటివాళ్ళూ గుమాస్తాగారి ఇంటిముందు కలిసి తినేవాళ్ళం. రాగి సంగటి, పచ్చి కందిగింజల పులుసు. మరుసటి ఏటి గంపల మాట కూడా ఆ ఆకుల ముందే అనుకునేవాళ్ళం. ఆ ఏడు ఆ భోజనం బండి వచ్చిన ఈ ఆదివారమే. దానికి కావలసిన కందికోసం రాసిన చీటీ అది. మూడే మాటలు. నోటుబుక్కులో నాలుగుసార్లు రాసి చూసుకుని, ఐదోసారి చీటీ మీద రాశాను.

గోనెసంచి మూతి విప్పగానే గుమాస్తాగారి భార్య తోటాయన మీద పడింది.

"కంది తెమ్మంటే కంద తెచ్చినావేమప్పా? మూడో తరగతిలో ఇదేనా సదివింది?"

భోజనానికని వెంట వచ్చిన భార్యా, నాయనా బండి దిగుతుంటే, తోటాయన భుజం మీది టవలు తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి చీటీ తీసి, దీంట్లో ఉండేదే తెచ్చినానమ్మా అని ఆమెకు చూపబోయాడు. ఆమె చీటీ వైపు చూడనైనా చూడలేదు. చదవడం రానివాడికి చీటీ ఎందుకు అంది. చీటీ నేను అందుకున్నాను.

నా అక్షరాలే. తిన్నగా, వరసగా ఉన్నాయి. 'కంద ఒక మూట.'

చీటీ చిన్నది. బొటనవేలు కింద దాగిపోయేంత. నేను గమ్మున ఉంటే తిట్లు తోటాయనకు పోతాయి, చీటీ పని నాకు దక్కుతుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఎంతసేపుందో కూడా తెలుసు. ఒక ఎద్దు తల విదిలిస్తే మెడలో గంట మోగింది. ఆ మోత ఆగేదాకా ఉంది.

తర్వాత అందరికీ వినబడేలా చదివాను. "కంద ఒక మూట. ఆయన సరిగ్గానే సదివినాడు. రాసింది నేను. గుడి మరిచినాను."

గుమాస్తాగారి భార్య చీటీ తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"తిరపతి కొండ కనబడే ఊర్లో పుట్టి, గుడి మరిచినావంటమ్మా?"

సందంతా నవ్వింది. మాది రేణిగుంట పక్క పల్లె. మా ఇంటి పెరట్లోకి వస్తే ఎదురుగా కొండే. నాకు ఆ నవ్వు వారం తర్వాత వచ్చింది.

నవ్వు తగ్గాక తోటాయన నెమ్మదిగా చెప్పాడు. "ఇంత కంద ఏం జేసుకుంటారని మా ఇంట్లో ఆమె గూడా అనింది. రాసినారు గదా, రాసినాక మనకేం తెలుసు అంటి. నిన్న పొద్దుగూకేదాకా తవ్వినాను. ఇత్తనానికి పెట్టుకున్న వరస గూడా తవ్వేసినా."

అప్పటిదాకా ఎన్ని మాటలు అన్నానో లెక్కలేదు. కూలిలో అన్నాను, ఇంట్లో అన్నాను, ఎవరూ ఉన్నచోటు నుంచి కదిలింది లేదు. ఇప్పుడు మూడు మాటలు రాస్తే, మూడు మైళ్ళ అవతల ఒక మనిషి పార పట్టుకుని ఒక పొద్దంతా నేల తవ్వాడు. తప్పు తప్పే. దాన్ని కాదనడం లేదు. కానీ అంత పని చేసింది నా రాత. సిగ్గుతో తల దించుకుని ఉన్నాను, లోపల మాత్రం ఎద్దు రంకె వేసినట్టుంది.

తిరిగి పోయి కందికాయలు కోసుకొచ్చి, వొలిచి వండేసరికి సాయంత్రమవుతుంది. గంపల్లో వంకాయలున్నాయి, వాటితో కానిద్దామంది గుమాస్తాగారి భార్య. కంద జోలికి పోవద్దంది. అప్పుడే తవ్విన కందకు దురద ఎక్కువ. పాతిక మంది గొంతులు పట్టుకుంటే ఎవరిది పూచీ అంది. నాది అన్నాను. మా ఊళ్ళో వానలు లేని ఏళ్ళలో మా అమ్మ మాకు కందే పెట్టి బతికించింది. దాని దురద సంగతి నాకు తెలిసినట్టు ఈ సందులో ఎవరికీ తెలియదు.

కందను కోసేటప్పుడు తడి తగలకూడదు. మట్టిని పొడిగుడ్డతో తుడిచి, చేతులకు నూనె రాసుకుని చెక్కు తీయాలి. ఇది అందరికీ చెప్పాను. గుమాస్తాగారి భార్య ఒకర్ని అడిగి పనిచేసే మనిషి కాదు. నాలుగు గడ్డలు తీసుకుపోయి తొట్టి నీళ్ళలో వేసి కడిగింది. కాసేపటికి రెండు చేతులూ పట్టుకుని గోక్కుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. చింతపండు పిసికి ఆమె మోచేతుల దాకా పట్టించాను. దురద తగ్గేదాకా అట్లాగే కూర్చుని, తర్వాత చేతులు తుడుచుకుని నూనె గిన్నె తనవైపు లాక్కుంది.

ప్రతి గడ్డకూ మొలక ఉండే తలభాగాన్ని మందంగా కోసి పక్కన పెట్టాను. ఎందుకని ఎవరో అడిగితే తర్వాత చెబుతానన్నాను. మిగిలిన ముక్కలను చింతాకు, పసుపు వేసి ఉడికించి ఆ నీళ్ళు పారబోశాను. గంపల్లో వచ్చిన బచ్చలాకు తరిగాను. పెద్ద గుండిగలో శనగనూనె కాగాక ఆవాలు, ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, ఉల్లిపాయలు, బచ్చలి, ఆ పైన కంద. చింతపండు రసం చిక్కగా పోశాను. వేయించిన వేరుశనక్కాయలు, నువ్వులు పొడి చేసి కలిపాను. చివర్లో బెల్లం ముక్క. పక్క పొయ్యి మీద మా ఆయన, తోటాయన ఒకరి తర్వాత ఒకరు తెడ్డు పట్టి సంగటి కెలికారు. పులుసు వాసన సందు మొదటిదాకా పోయిందని తర్వాత చెప్పుకున్నారు. అబద్ధం కాదు, నేనే పోయి చూసి వచ్చాను.

ఆకులు వేశారు. సంగటి ముద్దలు పెట్టారు. ఎవరూ ముద్ద తుంచలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను నిలబడే, ఒక పెద్ద కంద ముక్క నోట్లో వేసుకుని నమిలి, మింగి, ఒక గ్లాసు నీళ్ళు తాగేంతసేపు ఊరికే ఉన్నాను. నాలుక మీద పులుపు, గొంతులో కారం. అంతే. ఆకు ముందు కూర్చున్నాను. అప్పుడు తిన్నారు.

గుండిగ అడుగు కనబడేదాకా తిన్నారు. మా పక్కింటి బస్సు కండక్టరు మూడోసారి ఆకు ముందుకు జరిపాడు. గుమాస్తాగారు వేళ్ళు నాకి చెప్పారు. "కంది అయితే నాకు పండ్లుండాల. కందకు నాలుక సాలు."

ఆయన భార్య, అయితే చీటీ సంగతేంటి అని అడిగింది. ఆమె మాట తప్పే మనిషి కాదు, ఆ మాట తేలాలి. చీటీ సరిగా పోలేదు. నేను చేయి కడుక్కోకుండానే కూర్చున్నాను.

గుమాస్తాగారు కనబడని కళ్ళతో నావైపు తిరిగారు. "ముప్పై ఏండ్లు ఆఫీసులో రాసినా. తప్పు రాసినప్పుడల్లా కాగితం దాచినా. ఒక్కటీ నలుగుర్లో సదివింది లేదు. ఈమె సదివింది. వచ్చే వారానికి కంది రాయమ్మా. గుడి పెట్టు."

ఆయన భార్య మజ్జిగ ముంత ఎత్తి ముందు నా ఆకులో పోసింది. మాట అక్కడితో అయిపోయింది.

బండి కట్టేటప్పుడు నేను పక్కన పెట్టిన కంద తలలన్నీ గోనెసంచిలో వేసి తోటాయనకిచ్చాను. ఎండు గడ్డిలో దాచి ఎండాకాలంలో నాటుకోమన్నాను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని మొలకను తడిమి చూశాడు. మరుసటి ఏడు మా గంపల్లో వచ్చిన కంద వాటిదే. కంది అయితే మరుసటి ఆదివారమే వచ్చింది, మూట కట్టుకుని, నా గుడితో.

అందరూ పోయాక నోటుబుక్కు తీసి పైన తేదీ వేశాను. ఆ రోజు మా సందులో కంద తిన్నవాళ్ళను వరసగా రాసుకున్నాను. ఎవరూ చెప్పకుండా నేను నాకోసం రాసుకున్న మొదటి రాత అది. పేర్లు రాయలేదు. సందులో ఎవర్ని ఎట్లా పిలుస్తామో అట్లాగే రాశాను. గుడి రావలసిన చోటల్లా రెండుసార్లు చూసుకున్నాను.

గుమాస్తాగారు. గుమాస్తాగారి భార్య, చేతులు కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. దర్జీ, దర్జీ భార్య, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు. వేలూరు నుంచి వచ్చిన అరవామె, ఆమె తల్లి. నర్సమ్మ, నర్సమ్మ తమ్ముడు. కండక్టరు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. పాలింటి ముసలామె, ఆమె కొడుకు, కోడలు, కోడలి ఒళ్ళో బిడ్డ, పులుసు వేలితో నాకించారు. తోటాయన, తోటాయన భార్య, ఆయన నాయన. మా పెద్దమ్మాయి, చిన్నమ్మాయి. మా ఆయన. రాసింది, వండింది, మొదట తిన్నది, నేను.