క్రేన్ బావకి గుర్తున్న నిన్న

కోతలు కోయడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. పదో తరగతి మధ్యలో బడి మానేసింది కూడా, నాకు చెప్పడానికి పంతుళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు కాబట్టే. అలాంటి నన్ను మా అక్క మొగుడు మంచం మీద కూర్చునే ఓడించాడు.

బావ ఇనుప యార్డులో క్రేన్ నడిపేవాడు. లారీ అంత బరువున్న దూలాన్ని కోడిగుడ్డు పెట్టినంత మెల్లగా దించేవాడు. ఇది కోత కాదు, కావాలంటే కింద నిలబడ్డవాళ్లని అడగండి. మెదడువాపు జ్వరం ఆయన ప్రాణమైతే వదిలింది గానీ, ఆ తర్వాత జరిగిందేదీ తలలో నిలవడం లేదు. ఖాళీగా అయినా ఉంటుందా అంటే అదీ లేదు, జరగనివి తెచ్చి నింపుకుంటుంది ఆ తల.

"ఏం బావా, పొద్దున్నుంచీ ఏం చేశావ్?"

"యార్డు నుంచి ఇప్పుడేగా వచ్చాను బామ్మర్దీ! నీలా పడుకుని తింటే ఎవడు పెడతాడు? చూడు, గ్రీజు కూడా పోలేదు," అంటూ శుభ్రమైన అరచేయి చూపిస్తాడు.

నా అబద్ధం అబద్ధమని నాకు తెలుసు. తనది అబద్ధమని ఆయనకి తెలీదు. అక్కడే ఓడిపోయాను.

బావని మళ్లీ పనిలోకి తీసుకోవచ్చో లేదో తేల్చడానికి ఒకరోజు యార్డు సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. కొత్తవాడు.

"చెయ్యి తిరుగుతోందా?"

"నిన్ననే మా పాత మేస్త్రి గోడౌన్‌లో నడిపి చూశా సార్. గాలి లేచి దూలం ఊగింది. ఊగేవైపే పిసరంత జరిపా, నిలబడిపోయింది."

"ఇదీ పనోడి మాటంటే! సోమవారం వచ్చెయ్యండి."

అక్క టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ జీతం వస్తే ఇల్లు గడుస్తుంది. కానీ ఆ కొక్కెం కింద తిరిగేవాళ్లకీ ఇళ్లున్నాయి. నా వైపు చూసింది. ఇంత నోరున్న నేనూ నిజం చెప్పే పని అక్కకే వదిలేశాను.

"సార్, జ్వరం తర్వాత ఈయన గడప దాటలేదు. ఇందాక తిన్నది కూడా గుర్తుండదు," అంది.

"అబద్ధం! నేను బాగుపడటం దీనికి ఇష్టం లేదు!" అని అరిచాడు బావ. సూపర్‌వైజరు టీ ముట్టకుండానే లేచిపోయాడు.

సాయంత్రానికి బావ ఆ మనిషి వచ్చిన సంగతే మర్చిపోయాడు. హమ్మయ్య అనుకున్నాం. కానీ అక్క పెట్టిన కంచం విసిరికొట్టాడు. సంగతి పోయింది గానీ కోపం పోలేదు.

"ఏమైంది బావా?"

కోపానికి కారణం తలలో వెతుక్కున్నాడు. "మీ అక్క మా అమ్మని కొట్టి ఇంట్లోంచి గెంటింది. నా కళ్లతో చూశాను."

వాళ్లమ్మ అక్క కాపురానికి రాకముందే పోయింది.

"అత్తగారిని ఫొటోలో తప్ప చూడలేదురా నేను," అంది అక్క, మెతుకులు ఎత్తుతూ.

ఇప్పుడు బావకి కంచం నేనే పెడుతున్నాను. అక్క వంటింట్లోంచి అందిస్తుంది, ఇవతలికి రాదు. వస్తే ఆయన ముద్ద వదిలేస్తాడు.